కంకరమడిలో ఆకలి

పెంటకీ పంటకీ తేడా ఒక్క ఎత్వమే. ఆ ఎత్వాన్ని ఎత్తిపోయడంలోనే నా నడుము సగం పోయింది.

మా పొన్నాయిలంక బోర్లలోకి సముద్రం వచ్చేశాక వరి పోయింది, ఆ వెనకాలే కొబ్బరీ పోయింది. గట్టు మీద నిలబడి చూస్తే పొలాలు తెల్లగా మెరుస్తూ ఉంటాయి, ఊరు ఊరంతా ఉప్పువాసం చేస్తున్నట్టు. అప్పుడు కట్టుకున్నాం చేపల షెడ్డు. కింద సిమెంటు తొట్లలో తిలాపియా చేపలు. పైన నడుమెత్తు బల్లల మీద కంకర పోసిన మడులు. చేపల నీళ్ళు మోటారుతో మడుల్లోకి ఎక్కుతాయి. కంకర నిండా తడిసి, గుడగుడమని ఒక్కసారిగా మళ్ళీ తొట్లలోకి దిగిపోతాయి. చేప వదిలింది మొక్కకి ఎరువు, మొక్క వదిలింది చేపకి మంచినీరు. పట్టి దాచుకున్న వాననీళ్ళే అలా తిరుగుతూ ఉంటాయి, మట్టితో పనిలేదు. తోటకూర, గోంగూర, వంగ, బెండ అన్నీ రాళ్ళలోనే. ఊళ్ళో ఏ పొయ్యి మీద ఏ కూర ఉడికినా మా షెడ్డులోదే.

ఆ షెడ్డు చూసుకునేది నేను, నూకరాజుని. పేరులోనే నూకలున్నాయి కాబట్టి ఇప్పట్లో చెల్లవని ధైర్యం. మా ఇంట్లో మడి కట్టుకునే అలవాటు ఏ తరంలోనూ లేదు గాని మడులు కట్టినవాణ్ణి మాత్రం నేనే. కంకరకి కింకరుణ్ణి.

బాధంతా ఆ కంకరతోనే. చేపల పెంటా, అవి తినగా మిగిలిన మేతా రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి. మొదట బురద, తరవాత జిగురు, ఆ తరవాత కుళ్ళిన గుడ్ల వాసన. నీరు పారడం ఆగిపోతుంది, నీరు ఆగాక మొక్కకి నీరసం. వేళ్ళు నల్లబడతాయి. కింద చేపలు ఊపిరాడక పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి.

దీనికి విరుగుడు తెలియక కాదు. మేత తగ్గించాలి. తొట్టికీ మడికీ మధ్య ఒక మురికిపీపా పెట్టి, పెంట అడుక్కి దిగాక పైనున్న నీళ్ళని మాత్రమే మడికి పంపాలి. పొద్దున్నే పీపా అడుగు కుళాయి తిప్పి ఆ చిక్కటి మురికిని వదిలెయ్యాలి. మా దగ్గర పీపాలున్నాయి, కుళాయిలున్నాయి. లేనిదల్లా మేత తగ్గించే గుణం. గోదారి లంకలో పుట్టినవాడు, ఎదురుగా ఒక ప్రాణి నోరు తెరుచుకుని చూస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎలా? కూర కోసం షెడ్డుకొచ్చిన ప్రతి మనిషీ తొట్లో ఓ గుప్పెడు మేత వేసి గాని కదిలేవాడు కాదు. "పాపం, మన మొహంలోకే చూస్తన్నాయండీ" అనేవారు. మేత వెయ్యవద్దని బోర్డు పెడితే, బోర్డు పైకే చదివి, అటూ ఇటూ చూసి, వేసి వెళ్ళేవారు. పొద్దున్న వదిలిన పీపా మధ్యాహ్నానికి మళ్ళీ గొంతుదాకా.

కిందటి వేసవిలో సగం మడులు ఒకేసారి చచ్చాయి. ఆ కంకర పారతో ఎత్తి కడుగుతూ, దానిలోంచి లేచిన కుళ్ళుగాలికి మా ఆవిడ నాగమణి సొమ్మసిల్లి పడిపోయింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి ఆవిడ అన్న మొదటి మాట:

"చేపలకి మేతేశారా?"

ఆ మాట మంచం పక్కన కూర్చున్న సౌగంధి కూడా విన్నది. సౌగంధి నాగమణికి చెల్లెలు, నాకు మరదలు. సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసి డాక్టరైన మనిషి. పేరు సౌగంధి గాని ఆవిడ చదువంతా దుర్గంధం గురించే.

"మనుషుల్ని మార్చడం నావల్ల కాదు బావగారూ," అంది నాతో వరండాలోకి వచ్చి. "పురుగుని మారుస్తాను."

హైదరాబాదులో ఉద్యోగం వదిలేసి, షెడ్డు చివర మేతగదిని ప్రయోగశాల చేసుకుని కూర్చుంది. వర్షాలు వెళ్ళేసరికి ఒక గాజుసీసా పట్టుకుని బయటికొచ్చింది. అడుగున గులకరాళ్ళు, వాటి మీద తేనెరంగులో పల్చటి పొర.

"పాకుడులా రాళ్ళని పట్టుకుంటుంది. పెంట తగిలితే తినేస్తుంది. తిని, మొక్క తాగే ఎరువుగా నీళ్ళలోకి వదుల్తుంది. పెంట లేనప్పుడు ముడుచుకుని నిద్రపోతుంది. అంతే."

"పేరేం పెట్టావమ్మా?"

"పెద్ద పేరుంది. మీకు నోరు తిరగదు."

"అయితే జిడ్డు అందాం. నాకు చిన్నప్పట్నుంచీ అలవాటైన పేరు, మా నాన్న నన్ను అలాగే పిలిచేవాడు."

జిడ్డు వేసిన మడిలో మర్నెల సౌగంధి మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న రాయి తీసి నాగమణి అరచేతిలో పెట్టింది. కడిగిన శనగగింజలా ఉంది. వాసన చూస్తే తొలకరి వాసన. మా ఆవిడ ఆ రాయి పట్టుకుని ఏడ్చింది. పారలు అటకెక్కాయి. మురికిపీపాలు ఊడదీసి షెడ్డు వెనక బోర్లించాం. మేత బోర్డు నేనే పీకేశాను. ఎవరెంత వేసినా కంకర మెరుస్తూనే ఉంది. చుట్టుపక్కల లంకలన్నిటికీ పంచడానికి సీసాలు సిద్ధమయ్యాయి, పంపిణీకి ముహూర్తం కూడా పెట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి తన్మయి పురిటికి ఇంటికొచ్చింది.

పురిటికొచ్చిన పిల్లకి మా ఇళ్ళలో పెట్టే తిండి గురించి వివరంగా రాస్తే చదివేవాళ్ళకి అజీర్తి చేస్తుంది. పొద్దున్న మినపరొట్టె అయ్యేలోపు పదింటికి సున్నుండ, అది అరిగేలోపు అన్నం, అన్నం సర్దుకునేలోపు జున్ను. నాగమణి పెట్టింది పెట్టినట్టు పిల్ల తినేసేది. వెనకటికి కూర కంచంలో వదిలేసి తిట్లు తినే పిల్ల, ఇప్పుడు తోటకూర పులుసు గిన్నె అడుగు వేలితో తుడిచి నాకేది.

"ఇద్దరి తిండి కదండీ," అని మురిసిపోయేది మా ఆవిడ. 

మేమందరమూ తింటున్నాం. నేను బొత్తాలు సాగదీసి కుట్టించుకున్నాను. వీధిలో అందరి బుగ్గలూ నిండాయి. షెడ్డు బాగుంది, కూర బాగుంది, అందుకే తింటున్నాం అనుకున్నాం. ఒకరికొకరు బలవంతంగా వడ్డించుకునే ఊళ్ళో ఎవడు ఎంత ఎక్కువ తిన్నాడో తెలిసేదెలా? అడగకుండానే కంచంలో పడిపోతుంటే ఆకలేసిందో లేదో ఎవడికి గుర్తుంటుంది?

బయటపెట్టినవాడు అల్లుడు.

మా అల్లుడు అఖిలేష్ రాజమండ్రిలో లెక్కల మాస్టారు. గాలేస్తే ఊగేటట్టుంటాడు, పిట్ట తిండి. అతను వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఒక యుద్ధం జరుగుతుంది. అతను కంచం మీద చెయ్యి అడ్డం పెడతాడు, నాగమణి ఆ చేతిమీదే పప్పు వడ్డిస్తుంది. అతను వేళ్ళు దులుపుకుంటూ "బాబోయ్ చాలండీ" అంటాడు, ఆవిడ గెలిచి వంటింట్లోకి వెళుతుంది. సెలవులకి వచ్చి వారం పైనే అయింది. ఆవేళ మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. అల్లుడు కంచం ఖాళీ చేసి, చెయ్యి అడ్డం పెట్టకుండా, తలొంచుకుని మెల్లిగా అన్నాడు.

"అత్తయ్యగారూ... ఇంకాస్త అన్నం పెట్టండి."

నాగమణి చేతిలో గరిటె గాల్లో ఆగిపోయింది. మా లంక పుట్టాక అల్లుడనేవాడు అత్తారింట్లో నోరు తెరిచి అడిగిన దాఖలా లేదు. 

"ఏంటి అల్లుడుగారూ, అలా అల్లాడిపోతున్నారు?" అన్నాను నవ్వించబోయి.

అతను నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "తిన్నకొద్దీ వేస్తోందండీ మావయ్యగారూ. ఇన్నాళ్ళూ మొహమాటపడి చెప్పలేదు. పొద్దున్న మీరు చూడకుండా వంటింట్లో చద్దన్నం కూడా తినేశాను."

సౌగంధి నోటిదగ్గర పెట్టుకున్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. మమ్మల్నందర్నీ ఒక్కొక్కరినే చూసింది. మా బుగ్గల్ని, మా కంచాల్ని.

"తన్మయి ఏది?"

అప్పుడు చూశాం, పిల్ల పీట ఖాళీగా ఉంది. వెతుక్కుంటూ షెడ్డులోకి వెళితే మడి పక్కన నిలబడి ఉంది. నిండు కడుపు బల్ల అంచుకి ఆనించి, తోటకూర వేళ్ళతో సహా పీకి పచ్చిది నములుతోంది. మూతంతా ఆకుపచ్చ. మమ్మల్ని చూసి సిగ్గుపడింది గాని నమలడం ఆపలేదు. ఆమె కాళ్ళ దగ్గర తొట్లో చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటికి అప్పుడే మేత వేశానని నాకు తెలుసు.

వారం పోయాక సౌగంధి నన్ను ప్రయోగశాలలోకి పిలిచింది. "మీతో ఒక పనుంది బావగారూ. భయపడకండి."

"భయపడకండి అన్నావంటే భయపడాల్సిన పనేనన్నమాట."

రెండు గిన్నెల్లో ఉడికించిన తోటకూర పెట్టింది. ఒకటి రోజూ మేం కోసుకునే మడిది. రెండోది గది మూల చిన్న మడిది. ఆ మడి కింద తొట్టికి మేత బాగా తగ్గించేసి చూస్తోందట. ఆ తొట్లోకి తొంగిచూశాను. చేపల తోకలన్నీ కొరికేసి ఉన్నాయి, ఒకదాన్నొకటి. సిమెంటు గోడకున్న నాచుని గీరి గీరి మూతులు పుళ్ళు పడ్డాయి. పైన మడిలో కంకర మాత్రం అద్దంలా ఉంది.

మొదటి గిన్నె తిన్నాను. ఆకలి వేసింది, రోజూ వేసేలాగే. కాసేపాగి రెండోది తిన్నాను.

ఆ తరవాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. ఇంటికెళ్ళి అన్నం గిన్నె ముందు కూర్చున్నట్టు గుర్తు, అది ఖాళీ అయినట్టూ గుర్తు. పచ్చడి జాడీ గుర్తు. కడుపు నొప్పి పుడుతున్నా చెయ్యి ఆగకపోవడం గుర్తు. తెలివొచ్చేసరికి షెడ్డులో మేతసంచి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. నోట్లో ఏదో కరకరమంటోంది. చేపవాసన.

సౌగంధి వెనక నుంచి నా భుజాలు పట్టుకుని లాగింది.

"పెంట లేకపోతే ముడుచుకుని నిద్రపోతుందనుకున్నాను. నేను రాసి పెట్టింది నిద్ర. అది నేర్చుకున్నది అడుక్కోవడం. పస్తుంటే నీళ్ళలోకి ఏదో వదుల్తోంది బావగారూ. అది వేళ్ళలోంచి ఆకుల్లోకి ఎక్కుతోంది. అడుగుతోంది."

"ఎవర్ని?"

"పెంట పెట్టేవాళ్ళెవరో వాళ్ళని. చేపల్ని. మనల్ని."

నేను మేత ఉమ్మేసి నోరు కడుక్కున్నాను. తిండిలో తొండి జరిగిందన్నమాట అనబోయి, మేతసంచి మూతి బిగించి కట్టాను. 

"చంపెయ్ దాన్ని."

"మడుల్లోది ఉప్పునీళ్ళకి చస్తుంది. మనలోదాని సంగతే..." ఆవిడ సూక్ష్మదర్శిని వైపు చూసింది. మొన్న మా అందర్నీ చిన్న డబ్బాల్లో మా పెంట పట్టి తెమ్మన్నది ఎందుకో అప్పుడర్థమైంది. "పచ్చి ఆకుల్తోనో, కూర కడిగిన నీళ్ళతోనో లోపలికి పోయింది. దానికి కంకరైనా పేగైనా ఒకటే బావగారూ. ఏ మందుకీ లొంగడం లేదు. లొంగేది ఆకలికే. ఉత్త నీళ్ళ మీద కొన్నాళ్ళుంటే మాడిపోతుంది. చచ్చేముందు మాత్రం గట్టిగా అడుగుతుంది."

"అంతేగా. లంకలో ఉన్నవాళ్ళం, లంకణం చెయ్యలేమా?"

"మీరు చెయ్యగలరు. అక్క, అఖిలేష్, ఊరు, అందరూ చెయ్యగలరు."

ఆ లెక్కలో తన్మయి లేదు. కడుపుతో ఉన్న పిల్లని పస్తు పెట్టేదెవరు?

అమలాపురంలో డాక్టరమ్మ తన్మయిని పరీక్ష చేసి పెదవి విరిచింది. రక్తంలో చక్కెర బాగా పెరిగింది, లోపల బిడ్డ నెలలకి మించి లావెక్కింది. ఇలాగే సాగితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమని, తిండి కట్టడి చెయ్యమని గట్టిగా చెప్పింది. సౌగంధి ఆవిడతో కూర్చుని కొలతలు వేసింది. పిల్లకీ బిడ్డకీ సరిపోవాలి, జిడ్డుకి మిగలకూడదు. జిడ్డు చావదు గాని పెరగదు. పురుడయ్యేదాకా అలా నెట్టుకు రావాలి.

"ఈ కొలత సరైనదేనా?" అన్నాను.

"ఇంతకుముందు ఎవరూ కొలవలేదు బావగారూ. నాకు తెలిసినంతలో సరైనది."

ఏ ఉప్పునీటికి భయపడి షెడ్డు కట్టుకున్నామో ఆ బోరునీళ్ళనే మోటారు పెట్టి మడుల్లోకి ఎక్కించాం. మోటారు మీట సౌగంధే వేసింది. పంపిణీకి పెట్టిన సీసాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి తనే ఉప్పు పోసింది, ఏ మొహమూ పెట్టకుండా, కూరల్లో వేసినట్టు. సాయంత్రానికి తోటకూర వాలిపోయింది. చేపలు వెల్లకిలా తేలాయి. ఊరు ఊరంతా షెడ్డు చుట్టూ నిలబడి ఉంది, ఖాళీ కడుపులతో. 

"మరి రేపట్నుంచి ఏం తినాలండీ నూకరాజుగారూ?" అంది ఎదురింటి పార్వతమ్మ.

"రేపు ఏమీ తినకూడదండీ. అదే మందు."

"ఎల్లుండో?"

రావులపాలెం నుంచి కూరగాయల వ్యాను వస్తుందన్నాను. చచ్చిన కంకర కడిగి, బోర్లించిన పీపాలు మళ్ళీ నిలబెట్టి, మొదట్నుంచీ మొదలుపెట్టాలన్నాను. వాళ్ళు విన్నారు. తిట్టినవాళ్ళు తిట్టారు. మర్నాటి నుంచి పారలు పట్టుకుని నీరసంతో తూలుతూనే వచ్చారు.

మా లంకణం గురించి చెప్పుకోవడానికేం లేదు. గోడలు కనబడితే పాలకోవా అనిపించింది. అల్లుడు సుద్దముక్క నమలబోతే నేను లాక్కున్నాను, లాక్కున్నాక నాకూ నమలాలనిపించింది. ఆ తరవాత ఒక పొద్దున్న నిద్ర లేస్తే ఆకలి మామూలు ఆకలిలా ఉంది. అంతటితో మాకు వదిలిపోయింది.

తన్మయికి వదల్లేదు.

వంటింటికి తాళం వేసి తాళంచెవి నా మొలతాడుకి కట్టుకున్నాను. పిల్లకి వడ్డించే పని నాకే అప్పజెప్పింది సౌగంధి, ఎందుకంటే నాగమణి పనికిరాదని తేలిపోయింది. కొంగులో సున్నుండలు దాచుకుని పిల్ల గదిలోకి వెళుతూ దొరికిపోయింది.

"అది అడుగుతుంటే పెట్టకుండా ఎలాగండీ? చేతులెలా వస్తాయి?" అని ఏడ్చింది. "కన్నకూతురికి తూకమేసి పెడతారా? మనింటా వంటా ఉందా ఇది?"

"పెడితే చస్తుందే మణీ."

"పెట్టకపోతే బతుకుతుందా? ఆ మాట ఎవరన్నా రాసిచ్చారా?"

ఎవరూ రాసివ్వలేదు. ఆ మాటే నన్ను పగలంతా తినేసేది, ఇంట్లో ఇంకేమీ తినడానికి లేనట్టు.

తన్మయి మొదట్లో బతిమాలేది. గుమ్మంలో నా కాళ్ళ దగ్గర కూర్చుని, చిన్నప్పుడు పీచుమిఠాయి అడిగినట్టే అడిగేది.

"నాన్నా, ఒక్క ముద్ద. పెరుగు కూడా వద్దు, ఉత్తన్నమే."

"అమ్మలూ, నీ పేరు తన్మయి, తినమయి కాదు కదే," అనేవాణ్ణి.

"జోకులెయ్యకు నాన్నా." గొంతు మారిపోయింది. "ఆకలేస్తంది. నీకు తెలీదు. లోపల్నుంచి గీకేస్తంది."

నాకు తెలుసు. మేతసంచి ముందు కూర్చున్నవాణ్ణి నేను. అందుకే ఆ పిల్ల మొహం చూడలేక గోడవైపు తిరిగి కూర్చునేవాణ్ణి. వెనక నుంచి చెయ్యి వచ్చి నా మొలతాడు తడిమేది. పట్టుకుని మెల్లిగా తీసేసేవాణ్ణి. ఒకరోజు పట్టుకున్న చేతిని కొరికింది. పళ్ళగాట్లు పడ్డాయి. ఇద్దరం ఆ గాట్లని చూశాం.

"నువ్వు నాన్నవేనా?" అంది. "కడుపుతో ఉన్నదాన్ని పస్తు పెడుతున్నావు. లోపల నీ మనవడో మనవరాలో ఏడుస్తంది. నాకు వినబడతంది. నీకు వినబడట్లేదా?"

అసలు భయం అదే. లోపల ముగ్గురున్నారు. నా కూతురు, దాని బిడ్డ, ఆ జిడ్డు. ముగ్గురికీ ఉన్నది ఒక్కటే గొంతు. ఆ గొంతు అన్నం అడిగినప్పుడల్లా అడుగుతున్నది ఎవరు? జిడ్డైతే పెట్టకూడదు. బిడ్డైతే పెట్టకపోవడం హత్య. సౌగంధి కొలతలో ఒక పిడికెడు తక్కువ పడిందేమో. నేను కొలిచేటప్పుడు చెయ్యి వణికి నాలుగు మెతుకులు కింద పడ్డాయేమో. పడిన మెతుకులు ఏరి మళ్ళీ కంచంలో వేసేవాణ్ణి. వేశాక ఎక్కువైందేమోనని తీసేవాణ్ణి. అలా వేస్తూ తీస్తూ ఉండగా పిల్ల కంచం వైపు చూసే చూపు పగవాడికి కూడా కనబడకూడదు.

అఖిలేష్ సెలవు పెట్టి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె అరుస్తుంటే పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పించేవాడు. పదమూడో ఎక్కం సగంలో ఆమె అతని మీద మంచినీళ్ళ చెంబు విసిరింది. అతను తల తుడుచుకుని పద్నాలుగో ఎక్కం మొదలుపెట్టాడు.

షెడ్డులో మడులు మళ్ళీ చిగురించడం మొదలైంది. మామూలు కంకర, రాళ్ళ సందుల్లో మురికి తినే మామూలు వానపాములు, అడుగున కుళాయి ఉన్న మామూలు పీపాలు. పొద్దున్నే కుళాయి తిప్పి మురికి వదుల్తుంటే ఆ కంపు నాకు హాయిగా ఉండేది. కంపు కొట్టేది ఏదైనా తన పని తను చేసుకుపోతున్నట్టే. మేతసంచికి కూడా తాళం వేశాను. కూరకొచ్చినవాళ్ళు తొట్టి దగ్గర ఆగి, చేపల మొహంలోకి చూసి, ఖాళీ చేతులు చూసుకుని వెళ్ళేవారు.

తన్మయికి అమలాపురంలో పురుడొచ్చింది. ఆడపిల్ల. డాక్టరమ్మ బరువు చూసి తలాడించింది, ఫరవాలేదంది. తల్లి కూడా గట్టెక్కింది. నాగమణి మొక్కులన్నీ ఒకేసారి వల్లించింది.

సౌగంధి మాత్రం గది గుమ్మం దాటి లోపలికి రాలేదు. బిడ్డని ముట్టుకోలేదు.

నేను బయటికి తీసుకెళ్ళి అడిగాను. "పురిట్లో తల్లి దగ్గర్నుంచి బిడ్డకి ఇలాంటివి చాలా వస్తాయి బావగారూ, మంచివీ చెడ్డవీ," అంది నేల చూస్తూ. "దానికి వచ్చిందో లేదో ఇప్పుడే పరీక్షకి అందదు. వచ్చి ఉంటే, అంత చిన్నదాన్ని మనం... కొలిచి ఆపలేం."

"మరెలా తెలుస్తుంది?"

"పాలు బాగా పడ్డాక తెలుస్తుంది. తనంతట తను ఆపుతుందో లేదో."

మొదటి రోజుల్లో పిల్లకి దొరికేదే కొంచెం కాబట్టి ఏమీ తేలలేదు. ఏడ్చినప్పుడల్లా మేమందరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. ఆకలికి పిల్ల ఏడుస్తోందా, పిల్లలో ఆకలి ఏడుస్తోందా? పాలు చాలక ఏడిచే ఏడుపు అన్ని ఇళ్ళలోనూ ఒకటే. మా ఇంట్లోనే దాన్ని వినడం మర్చిపోయాం.

ఆవేళ మధ్యాహ్నం నర్సు వచ్చి చూసి, "పాలు చేపుకొచ్చాయమ్మా, పిల్లని పట్టు," అంది. ఆ మాటలో కూడా నాకు చేపే వినబడింది.

తన్మయి గోడకి ఆనుకుని కూర్చుంది. చెంపలు లోపలికి పోయి, కళ్ళు పెద్దవై ఉన్నాయి. పాలిచ్చే తల్లిని కూడా పస్తుంచకూడదు కాబట్టి దాని కొలతలు అలాగే ఉన్నాయి, దాని జిడ్డూ అలాగే ఉంది. పక్కమంచం వాళ్ళు తింటున్న ఇడ్లీ వాసనకి దాని ముక్కుపుటాలు అదురుతున్నాయి. అటు చూడకుండా పిల్లని గుండెకి పట్టుకుంది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. నాగమణి మంచం మీద, అఖిలేష్ కిటికీ దగ్గర. సౌగంధి గుమ్మంలో.

పిల్ల తాగుతోంది. గుటక వినబడుతోంది. గుటక, గుటక. ఎంత చిన్న గొంతులోంచి ఎంత చప్పుడు! గదిలో ఎవరూ కదలడంలేదు. గుటక. అఖిలేష్ పెదాలు ఏదో లెక్కపెడుతున్నాయి. ఇంకా తాగుతూనే ఉంది. ఇక ఆపవే తల్లీ అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగి ఏ ప్రాణి తింటున్నప్పుడూ నేను అలా అనుకోలేదు.

గుటకల మధ్య ఖాళీ పెరిగింది. ఇంకొకటి. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు.

"నాన్నా," అంది తన్మయి గుసగుసగా.

తిరిగి చూశాను. పిల్ల మొహం పక్కకి వాలిపోయింది. నోరు తెరుచుకునే ఉంది, పెదవి చివర ఒక పాలచుక్క. చెయ్యి వదులుగా కిందికి జారింది. నిద్రపోతోంది.

గుమ్మంలో సౌగంధి కాళ్ళు మడిచి నేలమీద కూలబడింది. మొహం చేతుల్లో దాచుకుంది.

నాగమణి కళ్ళు తుడుచుకుని ముందుకి వంగింది. "అయ్యో, సరిగ్గా తాగనే లేదే పిచ్చిముండ. కడుపు నిండిందో లేదో. బుగ్గ కొంచెం గిల్లి ఇంకో గుక్క పట్టించవే..." అంటూ వేలు పిల్ల బుగ్గ మీదికి చాచింది.

తన్మయి ఖాళీగా ఉన్న చేత్తో తల్లి మణికట్టు పట్టుకుంది. ఇడ్లీ వాసన ఇంకా వస్తూనే ఉంది, దాని గొంతులో గుటక పడుతూనే ఉంది. ఆ పట్టు మాత్రం వదల్లేదు.